గట్టుకూ మెయిన్ రోడ్డుకూ నడుమ: పాత రాజమండ్రి పేటలు

పాపికొండల నడుమ ఇరుకున పడి వచ్చిన గోదావరి రాజమండ్రి చేరేసరికి ఆవలి ఒడ్డు మసకగా కనిపించేంత వెడల్పున పరుచుకుంటుంది. అక్కడికి మరికాస్త దిగువన, ధవళేశ్వరం దగ్గర, గౌతమిగా వశిష్ఠగా చీలి డెల్టాను మొదలుపెడుతుంది. 2015లో రాజమహేంద్రవరమని అధికారికంగా పేరు మారినా ఈ ఊరు ఇక్కడివాళ్ళ నోట ఇంకా రాజమండ్రే. కోటిలింగాల రేవు నుంచి పుష్కరాల రేవు దాకా ఏటిగట్టును ఆనుకొని, అక్కడినుంచి కోటగుమ్మం, మెయిన్ రోడ్డు మీదుగా లోపలికి అల్లుకున్న పేటలను గురించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇన్నీసుపేట, రంగ్రీజుపేట, మంగళవారపుపేట, వంకాయలవారి వీధి, గుండువారి వీధి, నాళం భీమరాజు వీధి, నల్లమందు సందు మొదలైన పేర్లతో ఉన్న ఈ చోట్లన్నీ కాలినడకన ఒక పూటలో చుట్టి రాదగినంత దగ్గర దగ్గరగా ఉంటాయి. చదువుకునే రోజుల్లో నేను ఈ వీధుల్లోనే అద్దెగదిలో ఉండేవాణ్ణి. ఇప్పుడు ఊరు మారినా, ఏ పని మీద రాజమండ్రి వెళ్ళినా ఒక సాయంత్రం ఇక్కడ గడపకుండా తిరుగు బండి ఎక్కను.

రాజమండ్రి అనగానే రాజరాజ నరేంద్రుడితో, నన్నయ్యతో మొదలుపెట్టడం మనకు అలవాటు. పదకొండో శతాబ్దంలో తెలుగు భారతానికి ఇక్కడే శ్రీకారం చుట్టారన్న మాట ఈ ఊరికి ఎప్పటికీ తరగని గౌరవం. అయితే ఆ కాలపు ఊరు ఈనాటి వీధుల్లో దాదాపు ఎక్కడా కంటికి కనిపించదు. మెయిన్ రోడ్డు మీది మసీదు ద్వారానికి 1324 నాటి పారశీక శాసనం ఉంది. నడిబజారులో అంత పాత తేదీని మోస్తూ, నేటికీ నిత్యం నమాజు జరుగుతున్న కట్టడం ఊళ్ళో మరొకటి నేను చూడలేదు. ఆ తర్వాత రెడ్డిరాజులు, గజపతులు, కుతుబ్ షాహీలు, ఫ్రెంచి సేనాని బుస్సీ, ఆఖరుకు ఈస్టిండియా కంపెనీ ఈ ఊరిని వరుసగా ఏలుకున్నారు. వాళ్ళంతా కాపాడుకున్న కోట ఈనాడు కోటగుమ్మం అనే కూడలి పేరులో మిగిలింది. ఆటోలు ఆగే ఆ కూడలిలో నిలబడి ఇక్కడొక గుమ్మం ఉండేదని పిల్లలకు చెబితే వాళ్ళు నాలుగు వైపులా వెతుకుతారు.

నా ఉద్దేశంలో ఈ పేటలకు ఇప్పటి రూపం ఇచ్చింది రాజులు కారు. 1859లో జరిగిన జిల్లాల పునర్విభజనలో రాజమండ్రి జిల్లా అన్నదే లేకుండా పోయింది. కొత్తగా ఏర్పడిన గోదావరి జిల్లాకు కలెక్టరు కచేరీ కాకినాడలో కుదురుకుంది. దొరతనం, ఓడల వ్యాపారం, వాటి వెంట నడిచే డబ్బు అటు మళ్ళాయి. రాజమండ్రికి మిగిలింది జిల్లా కోర్టు, బడి. 1853లో మొదలైన జిల్లా పాఠశాల 1873లో కళాశాల అయింది. ఆ పైన ఉపాధ్యాయులను తయారుచేసే ట్రైనింగు కళాశాల వచ్చింది. కోర్టు ఉన్నచోటికి ప్లీడర్లు, గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు, సాక్ష్యాలకు వచ్చి రోజుల తరబడి మకాం వేసే కక్షిదారులు చేరారు. బడి ఉన్నచోటికి పంతుళ్ళు, పుస్తకాల కొట్లు, అచ్చుకూటాలు, గ్రామాల నుంచి వచ్చిన పిల్లలు చేరారు. అధికారం తరలిపోయిన ఊరికి చదువూ వాదనా మిగిలాయన్నమాట. ఆ తర్వాతి అరవై ఏళ్ళలో ఈ వీధుల్లో జరిగినదంతా ఆ రెంటి ఫలమేనని నేను నమ్ముతున్నాను.

దీనికి తోడయినది కాటన్ దొర ఆనకట్ట. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువలు పారాయి, మాగాణి పెరిగింది, కొడుకును ఇంగ్లీషు చదువుకు పంపగల స్తోమత మధ్యతరగతి రైతు ఇంటికీ అగ్రహారీకుల ఇంటికీ వచ్చింది. ఆ కాలువలే పడవదారులు కూడా. కోనసీమలో ఏ ఊళ్ళోనో రాత్రి భోంచేసి పడవెక్కిన కుర్రవాడు బియ్యపు మూటతో, ఊరగాయ జాడీతో రాజమండ్రి చేరేవాడు. బియ్యం తెచ్చుకోలేని పేద పిల్లలు వారాలు చేసుకునేవారు. అంటే సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట భోజనానికి ఒప్పించుకొని, ఏడు ఇళ్ళ అన్నంతో ఏడాది చదువు గట్టెక్కించేవారు. ఏడో ఇల్లు దొరకని వాడికి ఆ రోజు పస్తే. ఈ పేటల్లోని పెద్ద లోగిళ్ళకు ఆ రోజుల్లో ఉన్న మర్యాద వాటి దూలాల లావును బట్టి వచ్చింది కాదు. ఆ వంటింట ఎంతమంది పరాయి పిల్లలు తిన్నారన్నదాన్ని బట్టి వచ్చింది.

కందుకూరి వీరేశలింగం పంతులు గారిని ఈ నేపథ్యంలో చూస్తేనే ఆయన పని ఎంత దగ్గర దగ్గర చోట్ల, ఎంత ఇరుగుపొరుగు కళ్ళ ఎదుట జరిగిందో తెలుస్తుంది. 1848లో ఇక్కడే పుట్టారు, ఇక్కడే తెలుగు పండితుడిగా పనిచేశారు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను మొదలుపెట్టిన కొంతకాలానికి ఇక్కడే సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన తర్వాత 1880లలో ఇన్నీసుపేటలో మరొకటి నెలకొల్పారు. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయం చేశారు. ఊళ్ళోని కళాశాల విద్యార్థులు కాపలా కాశారు. పెళ్ళికి వచ్చినవాళ్ళకూ సాయపడినవాళ్ళకూ వెలి తప్పలేదు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానుకున్నారు. అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే బిందె చంకనెత్తుకొని గోదావరికి వెళ్ళి నీళ్ళు మోశారు.

ఈ ఒక్క సంగతి దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. వంకాయలవారి వీధిలో వీరేశలింగం గారి ఇల్లు ఇప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. ఆ గుమ్మం నుంచి రేవు వైపు నడిచి చూస్తే దారి పొడవునా అటూ ఇటూ ఇళ్ళే. అరుగులున్న కాలం అది. అరుగుల మీద మనుషులున్న కాలం. నిండు బిందెతో తిరిగి వస్తున్న ఆమెను ప్రతి అరుగూ చూసి ఉంటుంది, ఎవరో ఒకరు ఏదో ఒక మాట అని ఉంటారు. మరునాడు మళ్ళీ వెళ్ళాలి. ఉపన్యాసం ఇచ్చి వేదిక దిగిపోవచ్చు, వ్యాసం రాసి తలుపు వేసుకోవచ్చు. నీళ్ళకు మాత్రం రోజూ ఆ వీధి గుండానే వెళ్ళాలి. సంస్కరణ బరువును ఆ వీధిలో నిజంగా మోసింది ఆమే అన్నది నా దృఢమైన అభిప్రాయం. ఊళ్ళో పంతులు గారి పేరున ఉన్నంతగా ఆమె పేరున గుర్తులు లేకపోవడం నాకు ప్రతిసారీ బాధ కలిగిస్తుంది.

1890లో పంతులు గారు సొంత డబ్బుతో కట్టించిన పురమందిరం, అంటే టౌన్ హాలు, ఈ పేటల చరిత్రలో మరొక మలుపు. అప్పటిదాకా నలుగురు కూడాలంటే గుడి మండపమో, ఎవరి కులం వారి సత్రమో, కలిగినవారి లోగిలో తప్ప వేరే చోటు ఉండేది కాదు. ఎవరి ఇంటికీ అతిథి కాకుండా, ఎవరి దయా అక్కరలేకుండా, పౌరుడిగా వెళ్ళి కూర్చోగల చోటు ఒకటి ఊరికి దొరికింది. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి రాసి ఇచ్చారు. అదే తరంలో ‘ది హిందూ’ పత్రిక స్థాపకుల్లో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఇక్కడ ప్లీడరు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వెంట ఈ ఊరు వచ్చి, చదువుకుంటూ నాటకాల్లో వేషాలు వేసిన టంగుటూరి ప్రకాశం కొన్నేళ్ళకు ఇదే ఊరికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చినప్పుడు ట్రైనింగు కళాశాల విద్యార్థులు వందేమాతరం అన్నందుకు చదువులు పోగొట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వారిలో ఒకరు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు భారతదేశాన్ని పాడియావుగా చెప్పిన పద్యం ఆ సభల వేడిలో ఆశువుగా పుట్టినదే. ఊళ్ళో పాల్ చౌక్ అన్న పేరు ఆనాటిది.

ఇక ఇళ్ళ సంగతి. ఈ పేటల్లో ఇంకా నిలిచి ఉన్న పాత ఇంటిని ఒకదాన్ని దగ్గరగా చూడండి. వీధికి రెండు మూడు మెట్ల ఎత్తున అరుగు, దాని అంచున నున్నబడిన రాతిపలక, అరుగు కప్పును మోసే చెక్క స్తంభాలు, వాటి తలల మీద చెక్కిన కమలాలు. స్తంభాలూ దూలాలూ చాలామట్టుకు టేకు. ఆ టేకు ఏజెన్సీ అడవుల్లో నరికి, తెప్పలు కట్టి గోదావరి వెంట వదిలితే ఇక్కడి రేవుల్లో తేలింది; కలప వ్యాపారం ఈ ఒడ్డున ఒకప్పుడు పెద్ద వ్యాపారం. గుమ్మం దాటితే చావడి, దాని వెనుక నాలుగు వైపులా వాలిన పెంకుల నడుమ ఆకాశం కనిపించే మండువా, వానాకాలం ఆ నాలుగు చూరుల నీళ్ళూ పడి తూములోకి పోయే గచ్చు పళ్ళెం. వెనుక పెరట్లో నుయ్యి. కాస్త తర్వాతి తరం ఇళ్ళయితే పెంకుల బదులు మద్రాసు మిద్దె, ఇనుప కమ్మీల నిలువు కిటికీలు, ముఖభాగాన సున్నపు పనిలో దిద్దిన కట్టిన సంవత్సరం. గుమ్మం పక్క స్తంభానికి ప్లీడరు గారి పేరున్న ఎనామెల్ పలక ఊడదీసిన చోట రెండు మేకు రంధ్రాలు, వాటి మధ్య వెలిసిపోని పాత రంగు చతురస్రంగా మిగిలి ఉండడం ఇటీవల ఒక ఇంటి ముందు చూశాను. ఆ ఇంటి అరుగు మీద ఇప్పుడు టిఫిను బండి నడుస్తోంది. పొద్దున్నే అక్కడ పెసరట్టు తినేవాళ్ళు ఒకప్పుడు కక్షిదారులు కూర్చున్న చోటే కూర్చుంటున్నారు. అరుగుకు పని తప్పలేదు.

అచ్చుకూటాల గురించి రాయకుండా ఈ వీధుల గురించి రాయలేను. కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, అద్దేపల్లి అండ్ కో వంటి ప్రచురణకర్తల పుణ్యమా అని రాజమండ్రి అచ్చు పుస్తకం తెలుగు దేశమంతా తిరిగింది. పురాణాలు, శతకాలు, బడిపుస్తకాలు, నాటకాలు, పంచాంగాలు ఇక్కడినుంచి రైలెక్కేవి. నేను ఇక్కడ ఉన్న రోజుల నాటికే అక్షరాల కూర్పు వెనకబట్టింది గాని, మా గది కింది భాగంలో ఒక చిన్న ట్రెడిల్ ముద్రణాలయం ఇంకా నడుస్తుండేది. కంపోజిటరు నిలబడే పనిచేసేవాడు. వాలుగా అమర్చిన చెక్క కేసుల్లో గళ్ళు గళ్ళుగా సీసపు అక్షరాలు. ఎడమచేతిలో ఇనుప పట్టీ. కుడిచెయ్యి చూడకుండానే గడిలోకి పోయి సరైన అక్షరాన్ని తెచ్చి తలకిందులుగా పేర్చేది. తెలుగుకు గుణింతాలూ ఒత్తులూ ఉండడం వల్ల ఇంగ్లీషు కన్నా ఎన్నో రెట్లు గళ్ళు కావాలి. వాటన్నిటి స్థానాలూ ఆ చేతికి తెలుసు. ఒత్తు విరిగిపోతే పక్క ముద్రణాలయానికి కుర్రవాణ్ణి పంపి అరువు తెచ్చుకునేవారు. అదే వీధిలో రెండు మూడు ముద్రణాలయాలు ఉండడం వల్ల వాళ్ళు పోటీదారులయ్యారు, ఒకరికొకరు ఆధారమూ అయ్యారు. ఇప్పుడు ఆ వీధుల్లో ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు తయారవుతున్నాయి. పని మారింది గాని, కాగితపు ముక్కల కుప్పలూ సిరా వాసనా కొన్ని గుమ్మాల దగ్గర ఇంకా ఉన్నాయి.

అచ్చయినదాన్ని దాచిన చోటు గౌతమీ గ్రంథాలయం. 1898లో నాళం కృష్ణారావు గారి చేతుల మీదుగా చిన్నగా మొదలై, వాసురాయ గ్రంథాలయాన్ని కలుపుకొని పెరిగి, 1979లో ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చిన ఈ గ్రంథాలయంలో తాళపత్రాలూ, మరెక్కడా తేలికగా దొరకని పాత పత్రికల సంపుటాలూ ఉన్నాయి. పొద్దున దినపత్రికల గదిలో పెద్దవాళ్ళు, పగలల్లా పోటీ పరీక్షల పిల్లలు కనిపిస్తారు. చిత్రకళ విషయంలో దామెర్ల రామారావు గారి గ్యాలరీ చూసి తీరాలి. 1897లో పుట్టి, ఇక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి నేర్చుకొని, 1923లో ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచికంతో ముప్పై ఏళ్ళయినా నిండకుండా వెళ్ళిపోయారు. ఆయన బొమ్మల్లోని ఆడవాళ్ళ నడకా, నీటి రంగుల్లో గోదావరి వెలుతురూ చూసి బయటికి వచ్చి గట్టు మీద నిలబడితే ఆ వెలుతురు ఎక్కడిదో తెలుస్తుంది. రాళ్ళబండి సుబ్బారావు గారి పేరు పెట్టిన మ్యూజియం కూడా ఈ గట్టు పరిసరాల్లోనే ఉంది. వీటికి వచ్చే జనం తక్కువ. బడిపిల్లలను ఏడాదికి ఒకసారైనా తీసుకురావడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

నది ఈ పేటలకు అందం మాత్రమే కాదు, భయం కూడా. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. జూలై, ఆగస్టు నెలల్లో ఈ అంకెలు ఇక్కడి ఇళ్ళలో వంటింట కూడా వినిపిస్తాయి. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ సంవత్సరాన్ని గీటురాయిగా పెట్టుకొనే మాట్లాడతారు. 2022 జూలై వరదను కూడా దానితోనే పోల్చారు. ఎర్రనీరు గట్టు పైభాగానికి దగ్గరగా వచ్చినప్పుడు ఊరి కాలువల తూములు మూసేస్తారు. లేకపోతే నది ఊళ్ళోకి వస్తుంది. మూస్తే ఊరి మీద కురిసిన వాన బయటికి పోయే దారి లేక పల్లపు వీధుల్లో నిలిచిపోతుంది. మోటార్లతో తోడి అవతలికి పోస్తారు. అంటే ఈ పేటలను ముంచేది చాలాసార్లు గోదావరి కాదు, బయటికి పోలేని మన మురుగునీరే. పాత ఇళ్ళ అరుగులు అంత ఎత్తున ఎందుకు కట్టారో వానాకాలం ఒక్క రాత్రి ఇక్కడ ఉంటే అర్థమవుతుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇప్పుడు కొన్ని అరుగులు వీధి మట్టానికి దిగిపోయాయి. కొన్ని ఇళ్ళలో గడపే వీధి కన్నా కిందికి పోయింది. ఇది గత ముప్పై నలభై ఏళ్ళలో మనం చేసుకున్న పని. పాత రోడ్డును చెక్కి, ఆ మట్టానికే కొత్తది వేయాలన్న చిన్న నియమాన్ని పాటించి ఉంటే తప్పేది.

ఇప్పటి వీధుల స్వభావం ఒక్క మాటలో చెప్పదగినది కాదు. మెయిన్ రోడ్డు బట్టల కొట్లతో, బంగారం కొట్లతో, పాత్రల కొట్లతో కిటకిటలాడుతుంది. పెళ్ళిళ్ళ కాలంలో అటు జగ్గంపేట నుంచి, ఇటు రావులపాలెం నుంచి, ఏటి ఆవల కొవ్వూరు నుంచి కుటుంబాలు కుటుంబాలే దిగుతాయి. టోకు బట్టల వ్యాపారం తాడితోట వైపు మళ్ళింది. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగకుండా వచ్చిన పని పూర్తయిందనుకునేవాళ్ళు తక్కువ. చిక్కటి చల్లటి పాలమీద తేలే ఆ మీగడ కోసం నేనూ ఆగుతాను. దసరాకు దేవీచౌక్ ఉత్సవాలు, కార్తికంలో తెల్లవారుజామున రేవుల్లో అరటిదొప్పల దీపాలు, సాయంత్రాలు పుష్కరాల రేవులో గోదావరి హారతి, రంజాన్ నెలలో మసీదు చుట్టుపక్కల రాత్రి సందడి, ఇవన్నీ బతికి ఉన్న పేట లక్షణాలు. ఇదొక మ్యూజియం వీధి అయిపోలేదు, కాకూడదు కూడా.

అయినా పాత ఇళ్ళు పోతున్నాయి. అవి పోవడానికి కారణం ఎవరి దుర్బుద్ధీ కాదని, ఆస్తి వాటాలని నాకు తెలిసిన ఇళ్ళను చూసి చెప్పగలను. తాత కట్టిన లోగిలి ముగ్గురు కొడుకులకు, వాళ్ళ తర్వాత ఎనిమిది మంది మనుమలకు, ఇప్పుడు మనుమరాళ్ళకు కూడా న్యాయంగా వాటాగా వస్తుంది. వాళ్ళలో ఇద్దరు హైదరాబాదులో, నలుగురు విదేశాల్లో, ఒకరు ఈ ఇంట్లోనే వెనుక రెండు గదుల్లో. కప్పు కారుతుంది. పెంకు మార్చాలంటే పెంకులు నేసే పనివాడు దొరకడు. దొరికినా ఖర్చు ఎవరు పెట్టాలన్నదానికి ఎనిమిది మంది ఒప్పుకోవాలి. మండువాను ఎనిమిది ముక్కలుగా పంచలేరు, ఫ్లాట్లనయితే పంచగలరు. డెవలప్‌మెంటుకు ఇస్తే బిల్డరు సగం తీసుకొని మిగతా సగంలో తలా ఒక ఫ్లాటు చేతిలో పెడతాడు, తగువు తీరిపోతుంది. ఆ ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళను నేను తప్పుపట్టలేను. అలాంటి ఒక ఇంట్లో ఉండి దాన్ని కాపాడుతున్న పెద్దావిడ ఒకరు, “ఇల్లు నిలబెట్టమని అందరూ చెప్తారు నాయనా, వాన పడ్డప్పుడు గిన్నెలు పెట్టేది నేనే కదా” అన్నారు. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. పది పన్నెండు అడుగుల సందులో ఐదంతస్తులు లేచినప్పుడు వచ్చే కార్లకూ, మురుగుకూ, నీళ్ళ ట్యాంకర్లకూ ఆ సందు చాలదు. ఆ ఇబ్బంది మాత్రం సంతకం చేసినవాళ్ళకే కాక వీధి మొత్తానికీ వస్తుంది.

మరోవైపు, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి తూర్పు గోదావరి జిల్లాకు రాజమహేంద్రవరం కేంద్రం అయింది. 1859లో పోయిన కలెక్టరు కచేరీ నూట అరవై మూడేళ్ళకు తిరిగి వచ్చిందన్నమాట. ఈసారి ఆఫీసులు పాత పేటల్లోకి రాలేదు, వాటికి ఇక్కడ చోటూ లేదు. కానీ అద్దెలు పెరిగాయి, భూముల ధరలు పెరిగాయి, పాత ఇళ్ళ మీద ఒత్తిడీ పెరిగింది.

ఇప్పుడు అందరి దృష్టీ 2027 గోదావరి పుష్కరాల మీద ఉంది. 2015 జూలై 14న, గత పుష్కరాల మొదటి రోజునే, పుష్కరాల రేవులో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పొద్దున తర్వాత ఈ రేవుకు వెళ్ళే దారుల వెడల్పు గురించీ, జనం వచ్చే దారీ పోయే దారీ వేరుగా ఉండాలనడం గురించీ మాట్లాడడం పాత కట్టడాల ముచ్చట ఎంతమాత్రం కాదు, ప్రాణాల సంగతి. 1897లో పని మొదలై 1900లో రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెన 56 ఖానాలతో 2.7 కిలోమీటర్ల పొడవున 1997లో విశ్రాంతి తీసుకుంది. దాన్నీ, పుష్కరాల రేవునూ కలిపి పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దే ‘అఖండ గోదావరి’ పనులకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. సుమారు 94 కోట్ల రూపాయల పథకం. ఖాళీగా తుప్పుపడుతున్న వంతెన మీద జనం నడుస్తారంటే నాకు నిజంగా సంతోషం.

ఆ ఖర్చులో ఒక చిన్న భాగం గట్టు దిగి వీధుల్లోకి కూడా రావాలని నా కోరిక. వచ్చే యాత్రికుడు నదిలో మునిగి రైలెక్కి పోకుండా, వంకాయలవారి వీధి దాకా నడవడానికి చెట్టు నీడ, కూర్చునే చోటు, శుభ్రమైన కాలువ కావాలి. వీరేశలింగం గారి ఇంటి నుంచి రేవు దాకా ఉన్న దారికి రాజ్యలక్ష్మమ్మ గారి పేరు పెడితే ఊరు ఆమెకు పడ్డ బాకీలో కొంతయినా తీరుతుంది. నిలిచి ఉన్న మండువా ఇళ్ళ జాబితా ఒకటి వార్డుల వారీగా తయారు కావాలి. కప్పు బాగుచేసుకునేవారికి ఇంటిపన్నులో రాయితీ, పెంకు పనీ సున్నపు పనీ తెలిసిన మేస్త్రీల దగ్గర కుర్రవాళ్ళకు శిక్షణ ఇస్తే పైన నేను చెప్పిన పెద్దావిడ వంటివారికి కాస్త ఊరట. కొత్త రోడ్డు వేసేముందు పాతది చెక్కడం మొదలుపెట్టడానికి ఏ పుష్కరాలూ రానక్కరలేదు.

ఇల్లు కూల్చక తప్పని కుటుంబాలకు నాది ఒక విన్నపం. పలుగు పడకముందే గది గదినీ, స్తంభాలనూ, కట్టిన సంవత్సరం ఉన్న ముఖభాగాన్నీ ఫోటోలు తీయించండి. అటక మీది పెట్టెల్లో పాత దస్తావేజులు, ఉత్తరాలు, కోర్టు కాగితాలు, పత్రికలు, పెళ్ళి శుభలేఖలు ఉంటే పాత కాగితాల వాడికి తూకానికి వేయకుండా, గౌతమీ గ్రంథాలయం వారిని సంప్రదించి చూపించండి. చెదలు పట్టినవైనా పరవాలేదు, ముందు చూపించండి.